మైగ్రేషన్ ఫైలు సర్వర్ మీద పుట్టకూడదు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది విజయవాడలో నలుగురం పనిచేసే చిన్న ఆఫీసు. ప్రైవేటు స్కూళ్లకి ఫీజులు, హాజరు చూసుకునే అప్లికేషన్‌ని జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) రాశాం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అందరి ఫైళ్లూ గుద్దుకుంటున్నాయని టేబుళ్ల మార్పుల్ని రాసుకునే మైగ్రేషన్స్ ఫోల్డర్లని మొదట్లోనే గిట్‌ఇగ్నోర్‌లో (కోడు పంచుకునే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పెట్టేశాం. సర్వర్ మీద డిప్లాయ్ స్క్రిప్టు గిట్ పుల్, మేక్‌మైగ్రేషన్స్ (మార్పుల ఫైలు పుట్టించేది), మైగ్రేట్ (ఆ ఫైలుని డేటాబేస్ మీద నడిపేది), రీస్టార్ట్ వరసగా చేస్తుంది. పోయిన నెల విద్యార్థుల టేబుల్లో ‘ఫోన్’ అనే ఫీల్డుకి ‘పేరెంట్ మొబైల్’ అని పేరు మార్చి, పనిలో పనిగా నంబర్ టైపు తీసేసి టెక్స్ట్ టైపు పెట్టాను. మేక్‌మైగ్రేషన్స్ ఏదో డిఫాల్ట్ అడిగితే 1 నొక్కి ఖాళీ కొటేషన్లు ఇచ్చాను. సర్వర్ మీదా అడిగింది, అక్కడా అదే ఇచ్చాను. తల్లిదండ్రుల నంబర్లన్నీ పోయాయి. మైగ్రేషన్‌ని వెనక్కి తిప్పితే పాత కాలమ్ వచ్చింది గానీ అందులో ఏమీ లేదు. రాత్రి బ్యాకప్ మొత్తం రీస్టోర్ చేస్తే నంబర్లు వచ్చాయి, ఆ పొద్దున కట్టిన ఫీజుల రసీదులు పోయాయి. వాటిని చేత్తో ఎక్కించి, హమ్మయ్య అనుకుని డిప్లాయ్ స్క్రిప్టు నడిపితే నంబర్లు మళ్లీ పోయాయి! మళ్లీ రీస్టోర్, మళ్లీ రసీదులు. ఇప్పుడు పాత కోడుతోనే నడుపుతున్నాం, ముట్టుకోవాలంటే భయంగా ఉంది. మా సార్ ‘మైగ్రేషన్లన్నీ డిలీట్ చేసి కొత్తగా మొదలుపెట్టండి, లేదంటే ఇకనుంచి టేబుల్‌ని మార్చే ఆల్టర్ టేబుల్ కమాండ్లు చేత్తో రాసుకుందాం’ అంటున్నారు. ఏది చేయమంటారు? ఇంకోటి. జూన్‌లో ఫీజుల రద్దీ టైములో ఒక చిన్న కాలమ్ కలిపితే అప్లికేషన్ పది నిమిషాలు బిగుసుకుపోయింది. ఆ టేబుల్లో ఉన్నవి పాతిక వేల రికార్డులే. అదెందుకు?

జవాబు: రసీదులు రెండోసారి ఎక్కించిన చోటికి వచ్చేసరికి నేనూ తల పట్టుకున్నాను. కానీ మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది ఆ ముక్కే. బ్యాకప్ రీస్టోర్ చేశాక నంబర్లు మళ్లీ ఎందుకు పోయాయో అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి.

జాంగోలో మూడు వేరువేరు సంగతులున్నాయి. టేబుళ్లు ఎలా ఉండాలో మోడల్స్ ఫైల్లో మీరు రాసుకున్నది ఒకటి. మైగ్రేషన్స్ ఫోల్డర్లో వరసగా పేరుకునే ఫైళ్లు రెండు. అసలు డేటాబేస్ మూడు. చాలామంది అనుకునేదేమిటంటే, మేక్‌మైగ్రేషన్స్ కొట్టగానే జాంగో వెళ్లి డేటాబేస్‌ని చూసి, మోడల్స్‌తో పోల్చి, తేడా రాస్తుందని. అలా జరగదు. అది టేబుళ్ల వైపు తల తిప్పి కూడా చూడదు. ఉన్న మైగ్రేషన్ ఫైళ్లన్నిటినీ మొదటి నుంచి చదివి ‘ఇవన్నీ నడిస్తే టేబుళ్లు ఇలా ఉండాలి’ అని మనసులో ఒక బొమ్మ గీసుకుంటుంది. ఆ బొమ్మనే మోడల్స్‌తో పోలుస్తుంది. ఇక మైగ్రేట్ కమాండేమో మోడల్స్‌ని పట్టించుకోదు. డేటాబేస్ లోపల జాంగో_మైగ్రేషన్స్ అని ఒక చిన్న టేబుల్ ఉంటుంది. ఏ యాప్, ఏ ఫైలు, ఎప్పుడు నడిచింది, అంతే ఉంటుంది అందులో. ఆ టేబుల్లో పేరు లేని ఫైళ్లని నడిపి, పేరు రాసుకుంటుంది.

మన ప్రాంతంలో స్థలం కొన్నవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. మైగ్రేషన్ ఫైళ్లు లింకు డాక్యుమెంట్లు. జాంగో_మైగ్రేషన్స్ టేబుల్ ఈసీ లాంటిది. డేటాబేస్ అసలు నేల. ఈసీ తీస్తే ఏ దస్తావేజు ఎప్పుడు రిజిస్టరైందో తెలుస్తుంది. పక్కవాడు రాత్రికి రాత్రి గట్టు జరిపాడా లేదా అన్నది ఈసీలో కనపడదు. ఎవరైనా సర్వర్‌లోకి వెళ్లి చేత్తో ఆల్టర్ టేబుల్ కొడితే అది గట్టు జరపడమే. జాంగోకి తెలియదు.

ఇప్పుడు మీ రెండో ప్రమాదం చూడండి. ఆ ఈసీ టేబుల్ ఉండేది డేటాబేస్ లోపలే కదా. రాత్రి బ్యాకప్‌ని రీస్టోర్ చేసినప్పుడు ఫోన్ నంబర్లతో పాటు అది కూడా నిన్నటి రోజుకి వెళ్లిపోయింది. నంబర్లని మింగిన మైగ్రేషన్ ఫైలు మాత్రం సర్వర్ డిస్కు మీద అలాగే కూర్చుంది. డిప్లాయ్ స్క్రిప్టు మైగ్రేట్ కొట్టింది, జాంగో ఆ ఈసీ టేబుల్ అనే రిజిస్టరు చూసింది, ‘ఇదింకా నడవలేదే’ అనుకుని శ్రద్ధగా మళ్లీ నడిపింది. దాని తప్పేం లేదు. ఆ ఫైలు ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఈ జవాబు చదవడం ఆపి, ముందు డిప్లాయ్ స్క్రిప్టులోంచి మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ రెండు లైన్లూ తీసేసి రండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

తీశారా? సరే. మొదటి ప్రమాదం. జాంగోకి పేరు మార్పు అనేది నిజానికి తెలియదు, ఊహిస్తుంది. ఒక ఫీల్డు మాయమై, అచ్చం అదే రకం ఫీల్డు ఇంకో పేరుతో కనపడితే ‘దీని పేరు మార్చారా?’ అని అడుగుతుంది. ఊరికే ఎంటర్ కొడితే కాదని అర్థం చేసుకుంటుంది, అది ఒక ప్రమాదం. మీ విషయంలో ఆ ప్రశ్న కూడా రాలేదు. పేరుతో పాటు టైపు కూడా మార్చారు కాబట్టి జాంగో కంటికి అవి రెండూ సంబంధం లేని ఫీల్డులు. ఒకటి పోయింది, ఒకటి కొత్తగా పుట్టింది. పుట్టిన దానికి నల్ (విలువే లేకపోవడం) ఒప్పుకోమని మీరు రాయలేదు, కాబట్టి ‘ఉన్న రికార్డుల్లో ఏం పెట్టమంటావు’ అని డిఫాల్ట్ అడిగింది. మీరు ఖాళీ ఇచ్చారు. అది ఖాళీతో నింపింది.

ఆ డిఫాల్ట్ ప్రశ్నే మీకు పెద్ద గంట కొట్టి చెప్పింది. పేరు మార్పుకి డిఫాల్ట్ ఎందుకు కావాలి? పాత విలువలు అక్కడే ఉంటాయి కదా. పేరు మారుస్తున్నాననుకున్న మనిషిని డిఫాల్ట్ అడిగిందంటే, తను కొత్త కాలమ్ కడుతున్నానని చెబుతున్నట్టే. అక్కడ 2 నొక్కి బయటికి వచ్చేస్తే ఏమీ అయ్యేది కాదు. ఇది మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు. నేనూ అలా 1 నొక్కినవాణ్ణే, కాకపోతే నా అదృష్టం బాగుండి అది టెస్టు డేటాబేస్.

వెనక్కి తిప్పితే కాలమ్ వచ్చి నంబర్లు రాకపోవడం కూడా ఇందులో భాగమే. ‘తీసెయ్’కి వ్యతిరేకం ‘కలుపు’. ఖాళీ కాలమ్‌ని కలుపుతుంది. పోయిన విలువల్ని జాంగో ఎక్కడా దాచుకోదు. మీ పాత ఫోన్ ఫీల్డు నల్ ఒప్పుకునేది అయ్యుంటుంది, అందుకే ఆ మాత్రమైనా వెనక్కి తిరిగింది. లేకపోతే ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోయేది.

సార్ చెప్పిన రెండు దారుల సంగతి.

మైగ్రేషన్లన్నీ డిలీట్ చేసి కొత్తగా మొదలుపెట్టడమంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఎలాగో చెబుతాను. ఫైళ్లు తీసేసి మేక్‌మైగ్రేషన్స్ కొడితే ఇవాళ్టి మోడల్స్ మొత్తం ఒకే 0001 ఇనీషియల్ ఫైల్లోకి వస్తాయి. సర్వర్ రిజిస్టర్లో 0001 ఇనీషియల్ అనే పేరు ఎప్పుడో రెండేళ్ల కిందటే నమోదై ఉంది. జాంగో పేరు చూస్తుంది తప్ప లోపలేముందో చూడదు. ‘ఇది అయిపోయింది’ అని దాటేస్తుంది. మీరు కొత్తగా పెట్టిన కాలమ్ ఆ ఫైల్లో ఉంటుంది, డేటాబేస్‌లో ఉండదు. అప్లికేషన్ మాత్రం ‘ఫలానా కాలమ్ లేదు’ అని పడిపోతుంది. పోనీ రిజిస్టర్ కూడా చెరిపేద్దామంటే, ఉన్న టేబుళ్లనే మళ్లీ కట్టబోయి ‘ఇది ఇప్పటికే ఉంది’ అని ఆగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఇంటర్నెట్లో చూసి ఫేక్ ఆప్షన్ వాడమంటారు. ఫేక్ అంటే నేల అప్పగించకుండా కాగితం రిజిస్టర్ చేయించడం. ఏం చేస్తున్నామో తెలిసి చేస్తే పనికొస్తుంది. ఎర్రర్ పోవడానికి చేస్తే ఆ ఎర్రర్ వచ్చే నెలకి వాయిదా పడుతుంది. ఫేక్ ఇనీషియల్ అనేది కాస్త మేలు, టేబుళ్లు నిజంగా ఉన్నాయా అని చూస్తుంది. అది కూడా పేర్ల వరకే, లోపలి టైపులు, ఇండెక్సులు (త్వరగా వెతకడానికి కట్టుకునేవి) సరిపోతున్నాయా అన్నది చూడదు.

ఫైళ్లు మరీ ఎక్కువైపోతే వాటిని కుదించడానికి స్క్వాష్‌మైగ్రేషన్స్ అని పద్ధతైన కమాండ్ ఉంది. మీకు ఉన్నవి ఇరవై ముప్పై. దాని జోలికి పోనక్కర్లేదు.

చేత్తో ఆల్టర్ రాసుకోవడం నేను పని నేర్చుకున్న చోట నిజంగానే ఉండేది. ‘మార్పులు’ అని ఒక టెక్స్ట్ ఫైలు, అందులో ఎవరు ఏ ఆల్టర్ కొట్టారో కింద కింద రాసుకుంటూ పోయేవాళ్లం. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరు రాయడం మర్చిపోయేవారు. సోమవారం అందరం కలిసి వెతికేవాళ్లం. తొలి రోజుల జాంగోలో ఇలాంటి పనికి ఉన్నది సింక్‌డీబీ అనే కమాండ్ ఒక్కటే. లేని టేబుల్‌ని కట్టేది, ఉన్న టేబుల్‌ని ముట్టుకునేది కాదు. ఆ బాధ పడలేకే ఆండ్రూ గాడ్విన్ సౌత్ అనే లైబ్రరీ రాశాడు. 2013లో కిక్‌స్టార్టర్‌లో చందాలు పోగుచేసి ఆయనే ఆ పనిని జాంగో లోపలికి తెచ్చాడు. 2014 సెప్టెంబరులో వచ్చిన 1.7తో మైగ్రేషన్లు జాంగో సొంతమయ్యాయి. మీ సార్‌కి ఇది చెప్పండి. ఆయన వెళదామంటున్న ఊరినుంచే మేమంతా మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం.

అసలు తప్పు గిట్‌ఇగ్నోర్‌లో ఆ ఒక్క లైను. ఫైళ్లు గుద్దుకుంటున్నాయని దాచేశారు, దాంతో గుద్దుకోవడం కనపడకుండా పోయింది, జరగడం ఆగలేదు. ఇప్పుడు మీ కంప్యూటర్లో ఒక చరిత్ర, మీ పక్కవాడి కంప్యూటర్లో ఇంకో చరిత్ర, సర్వర్‌లో మూడోది. ఎవరికి వారే యమునా తీరే. మీరు మీ దగ్గర పరీక్షించిన ఫైలు ఒకటి, సర్వర్ మీద నడిచింది ఇంకొకటి, అక్కడికక్కడ పుట్టినది, ఎవరూ చదవనిది. ఏ కోడైనా మీ దగ్గర రాసి, పక్కవాడు చూసి, గిట్ ద్వారా సర్వర్‌కి వెళుతుంది కదా. డేటాని శాశ్వతంగా చెరపగల ఒక్క కోడుని మాత్రం ఎవరూ చూడకుండా సర్వర్ మీదే పుట్టించి అక్కడే నడుపుతున్నారు.

ఇక బాగుచేసుకోవడం. మీ దగ్గర ఒక మంచి సంగతి ఉంది, సర్వర్‌లో పాత కోడు, పాత డేటాబేస్ ఒకదానికొకటి సరిపోయి నడుస్తున్నాయి. కాబట్టి సర్వర్‌దే అసలు చరిత్ర అనుకుందాం. మీ నలుగురి కంప్యూటర్లలో ఉన్నవన్నీ కొట్టివేత.

మొదట పీజీడంప్‌తో పూర్తి బ్యాకప్ తీయండి. తీసి ఊరుకోకుండా, దాన్ని వేరే ఖాళీ డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి విద్యార్థుల లెక్క చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను. తర్వాత సర్వర్ మీద షోమైగ్రేషన్స్ కొట్టండి. నడిచిన ఫైళ్ల పక్కన గుర్తు ఉంటుంది, నడవని దాని పక్కన ఖాళీ. ఖాళీగా ఉన్నది ఒక్కటే ఉండాలి, మీ నంబర్లని రెండుసార్లు మింగింది. తెరిచి చదవండి, అందులో రిమూవ్‌ఫీల్డ్, యాడ్‌ఫీల్డ్ అని పక్కపక్కనే కనపడతాయి. దాన్ని తీసేయండి. మిగిలిన ఫోల్డర్లన్నిటినీ, ప్రతి యాప్‌వీ, మీ కంప్యూటర్‌కి తెచ్చుకోండి. సర్వర్‌లో ఒక నకలు పక్కన పెట్టుకోండి. గిట్‌ఇగ్నోర్‌లో ఆ లైను తీసి, సర్వర్ మీద నడుస్తున్న పాత కోడు ఉన్న చోటి నుంచి ఒక బ్రాంచ్ తీసి, ఈ ఫైళ్లని అందులో కమిట్ చేయండి. ఆ స్థితిలో మేక్‌మైగ్రేషన్స్‌ని చెక్ ఆప్షన్‌తో కొడితే మార్పులేమీ లేవని రావాలి. వస్తే ఫైళ్లు, మోడల్స్ ఒక మాట మీదున్నట్టే.

ఫైళ్లు, నేల ఒక మాట మీదున్నాయా అన్నది ఇంకా తేలలేదు. దానికి జాంగోలో కమాండ్ లేదు గానీ మోటు ఉపాయం ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. ఒక ఖాళీ డేటాబేస్ తీసుకుని ఈ ఫైళ్లతో మొదటి నుంచీ మైగ్రేట్ చేయండి. దాన్నీ, సర్వర్ డేటాబేస్‌నీ పీజీడంప్‌తో స్కీమా (డేటా లేకుండా టేబుళ్ల నిర్మాణం) మాత్రమే దించుకుని, రెండు టెక్స్ట్ ఫైళ్లనీ పక్కపక్కన పెట్టి తేడా చూడండి. కాలమ్‌ల వరస అటూ ఇటూ ఉంటే పట్టించుకోకండి. ఒకవైపు ఉండి ఇంకోవైపు లేని ఇండెక్సు, కాలమ్ కనపడితే, అదిగో, ఎవరో గట్టు జరిపిన చోటు. అది ఉండాల్సిందే అయితే మోడల్స్‌లో రాసి మైగ్రేషన్ పుట్టించి, సర్వర్ మీద ఆ ఒక్క ఫైలుకి ఫేక్ వాడండి. నేల ముందే చేతిలో ఉంది, కాగితమే రావాలి. ఫేక్‌కి న్యాయమైన చోటంటే ఇదే.

తర్వాత నలుగురూ తమ తమ లోకల్ డేటాబేస్‌లు పడేసి, ఈ ఫైళ్లతో కొత్తగా కట్టుకోవాలి. టెస్టు డేటా కోసం సర్వర్ డంప్‌ని యథాతథంగా ల్యాప్‌టాప్‌ల్లోకి దించుకోకండి. అందులో పిల్లల పేర్లు, తల్లిదండ్రుల నంబర్లు ఉన్నాయి. దొంగ నంబర్లతో నింపే చిన్న స్క్రిప్టు రాయడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఫైళ్లు గిట్‌లోకి వచ్చాక గుద్దుకోవడం మళ్లీ కనపడుతుంది. ఇద్దరూ ఒకేసారి 0022 తయారుచేస్తే జాంగో ‘గొలుసుకి రెండు కొసలున్నాయి’ అని మొరాయిస్తుంది. మర్జ్ ఆప్షన్ ఇస్తే రెండు కొసల్నీ కలిపే ఖాళీ ఫైలు ఒకటి పుట్టిస్తుంది. ఇద్దరి మార్పులకీ సంబంధం లేకపోతే అదీ సరే. నాకు నచ్చే పద్ధతి వేరు. ఎవరిది ముందు మెయిన్ బ్రాంచ్‌లోకి వెళితే వారిదే 0022. రెండోవాడు తన దగ్గర 0021కి వెనక్కి మైగ్రేట్ చేసుకుని, ఆ తర్వాతే తన ఫైలు తీసేసి, పుల్ చేసి, మళ్లీ పుట్టించుకోవాలి. చేత్తో రాసిన డేటా మైగ్రేషన్ అయితే తీసేయకూడదు, పేరు, డిపెండెన్సీ (దానికి ముందు నడవాల్సిన ఫైలు పేరు) మార్చుకుంటే చాలు. వరస మాత్రం మరవద్దు. ఫైలు ముందు తీసేస్తే వెనక్కి తిప్పడానికి జాంగో దగ్గర కాగితం ఉండదు. నలుగురు ఒకే గదిలో కూర్చునే ఆఫీసుకి ‘నేను విద్యార్థుల టేబుల్ మారుస్తున్నా’ అని ఒక కేక వేయడం అన్నిటికన్నా మంచి టూల్.

మేక్‌మైగ్రేషన్స్ ఇకమీదట డెవలపర్ కంప్యూటర్లోనే. సర్వర్ మీద మైగ్రేట్ ఒక్కటే. ఎవరైనా మోడల్ మార్చి ఫైలు కమిట్ చేయడం మరిచిపోతే పట్టుకోవడానికి ఆ చెక్ కమాండ్‌నే మీ ఆటోమేటిక్ టెస్టుల్లో పెట్టండి, తేడా ఉంటే టెస్టు ఫెయిలవుతుంది. ప్రతి ఫైలునీ పంపేముందు ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్‌తో చూడండి. అసలు డేటాబేస్‌కి వెళ్లే ఆల్టర్లు అలాగే కనపడతాయి. అందులో ‘డ్రాప్ కాలమ్’ అన్న మాట కనపడితే కుర్చీలోంచి లేచి, ఒక టీ తాగి వచ్చి మళ్లీ చదవండి.

ఒకసారి సర్వర్‌లో నడిచిన ఫైలుని దిద్దకండి. పేరు రిజిస్టర్లో ఉంది కాబట్టి మీ దిద్దుబాటు అక్కడ ఎప్పటికీ నడవదు. కొత్త కంప్యూటర్లో మాత్రం నడుస్తుంది. మళ్లీ రెండు చరిత్రలు.

ఇక జూన్‌లో బిగుసుకుపోయిన సంగతి. కాలమ్ కలపడానికి పోస్ట్‌గ్రెస్‌కి క్షణం చాలు. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి, స్థిరమైన డిఫాల్ట్ ఉన్న కాలమ్ కలిపినా టేబుల్ మొత్తం తిరగరాయదు. పది నిమిషాలు పట్టింది కాలమ్‌కి కాదు, ఎదురుచూపుకి. ఆల్టర్‌కి ఆ టేబుల్ మీద ఎవరూ లేని క్షణం ఒకటి కావాలి, చదివేవాళ్లు కూడా ఉండకూడదు. ఆ టైములో ఏదో ఒక స్కూల్లో అకౌంటెంట్ ఏడాది ఫీజుల రిపోర్టు తీస్తూ ఉండుంటారు. ఆల్టర్ దాని వెనక నిలబడింది. ఆల్టర్ నిలబడ్డాక, దాని తర్వాత వచ్చిన ప్రతి చిన్న క్వెరీ కూడా దాని వెనకే ఆగాలి. ఫంక్షన్ హాలు కడగడానికి బకెట్టుతో వచ్చినవాడు గుమ్మంలో నిలబడి, లోపలున్న ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా కొత్తగా ఎవర్నీ రానివ్వనట్టు. కడగడానికి పట్టేది అర నిమిషమే. రిపోర్టే కానక్కర్లేదు, ఎవరో పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు కొట్టే విండో) బిగిన్ కొట్టి, ఒక సెలెక్ట్ చేసి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్లినా ఇదే జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లోనే ఉండే పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే జాబితా చూస్తే ఎవరు ఎంతసేపటి నుంచి కూర్చున్నారో కనపడుతుంది.

మందు సులువు. మైగ్రేట్ నడిపేటప్పుడు లాక్ టైమౌట్ మూడు సెకన్లు పెట్టండి. పీజీఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆ ఒక్క కమాండ్‌కే ఇవ్వొచ్చు. మూడు సెకన్లలో దారి దొరక్కపోతే ఆల్టర్ తప్పుకుంటుంది, వెనకవాళ్లు కదులుతారు. పోస్ట్‌గ్రెస్‌లో మైగ్రేషన్ ఫైలు మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది కాబట్టి సగం చేసి వదిలేయడం ఉండదు, కాసేపాగి మళ్లీ కొట్టండి. మైఎస్‌క్యూఎల్ వాడే పాఠకులకి ఒక మాట, మీకు ఈ సుఖం లేదు. అక్కడ ప్రతి ఆల్టర్ వెంటనే కమిట్ అయిపోతుంది. ఫైలు మధ్యలో పడిపోతే సగం మారిన టేబుల్ మీ చేతికొస్తుంది, కాబట్టి ఒక ఫైల్లో ఒకే మార్పు పెట్టుకోండి.

పెద్ద టేబుల్ మీద ఇండెక్సు వేరే కథ. మామూలుగా కడితే కట్టినంతసేపూ ఆ టేబుల్లోకి రాతలు ఆగుతాయి. ఆపకుండా కట్టే యాడ్‌ఇండెక్స్‌కాంకరెంట్లీ జాంగో 3.0 నుంచి ఉంది, ఆ ఫైల్లో అటామిక్‌ని (అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో నడవాలనే సెట్టింగు) ఫాల్స్ చేయాలి. పాతిక వేల రికార్డులకి ఇదంతా అక్కర్లేదు. అసలు సర్వర్ ఒక్క సెకను కూడా ఆగకూడదన్న పట్టుదల బ్యాంకులకి ఉంటుంది. మీ స్కూళ్లు రాత్రి పదకొండింటికి ఫీజులు కట్టించుకోవు. ‘సర్వీసింగ్ జరుగుతోంది’ అని ఒక పేజీ పెట్టి, బ్యాకప్ తీసి, మైగ్రేట్ చేసి, చూసుకుని, పడుకోండి.

పగలు చేయక తప్పని రోజున మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మైగ్రేట్ అయ్యాక రీస్టార్ట్ అయ్యేదాకా కొద్ది సెకన్లు పాత కోడు కొత్త టేబుల్ మీద నడుస్తుంది. మోడల్లో మీరిచ్చే డిఫాల్ట్ పైథాన్‌లోనే ఉంటుంది. కాలమ్ కలిపేటప్పుడు జాంగో దాన్ని డేటాబేస్‌లో పెట్టి, పాత రికార్డులు నిండగానే తీసేస్తుంది. ఆ కొద్ది సెకన్లలో పాత కోడు కొత్త విద్యార్థిని చేర్చబోతే ‘నల్ కుదరదు’ అని ఎర్రర్ కొడుతుంది. 5.0 నుంచి డీబీ_డిఫాల్ట్ అని ఉంది, అది డేటాబేస్‌లోనే నిలిచి ఉంటుంది. పాత వెర్షన్ అయితే ముందు నల్ ఒప్పుకునేలా కలిపి, కోడు మారాక బిగించుకోండి. కాలమ్ తీసేయడం ఇంకా జాగ్రత్తగా చేయాలి, పాత కోడు ప్రతి సెలెక్ట్‌లోనూ ఆ కాలమ్ పేరు పెట్టి అడుగుతూనే ఉంటుంది. రాత్రి పదకొండింటి పద్ధతిలో ఈ తలనొప్పి ఏదీ ఉండదని మళ్లీ చెబుతున్నాను.

ఇంకెప్పుడైనా ఇలా ఒక కాలమ్ పోతే, మొత్తం డేటాబేస్‌ని వెనక్కి తిప్పకండి. బ్యాకప్‌ని పక్కన వేరే పేరుతో రీస్టోర్ చేసి, అందులోంచి విద్యార్థి ఐడీ, ఫోను, ఈ రెండు కాలమ్‌లే బయటికి తీసి, నడుస్తున్న డేటాబేస్‌లో తాత్కాలిక టేబుల్‌లోకి ఎక్కించి, ఐడీ కలిసిన చోట అప్‌డేట్ చేయాలి. మొబైల్ ఖాళీగా ఉన్న రికార్డులకే, అన్న షరతు తప్పనిసరి. ఈలోపు క్లర్కులు కొత్తగా ఎక్కించిన నంబర్లు చెరగవు, పొద్దున్నటి రసీదులు కదలవు.

మీరు మొదలుపెట్టిన ఆ పేరు మార్పు మిగిలింది. రెండు ఫైళ్లుగా చేయండి. మొదట పేరు ఒక్కటే మార్చి మేక్‌మైగ్రేషన్స్ కొడితే ఈసారి ‘పేరు మార్చారా’ అని అడుగుతుంది, వై నొక్కాలి. ఫైల్లో రీనేమ్‌ఫీల్డ్ అన్న ఒక్క పనే ఉండాలి. తర్వాత టైపు మార్చి రెండో ఫైలు. ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్‌తో చూస్తే ఉన్న అంకెల్నే టెక్స్ట్‌గా మార్చే ఆల్టర్ కనపడుతుంది. పాతిక వేల రికార్డులకి ఆవలించేలోపు అయిపోతుంది. కొత్తది నల్ ఒప్పుకోకూడదనుకుంటే, నంబరు లేని విద్యార్థుల దగ్గర ఏం పెట్టాలని మళ్లీ అడుగుతుంది. ఇప్పుడు ఆ ప్రశ్న న్యాయమైనదే, ఖాళీ కొటేషన్లు ఇవ్వొచ్చు.

అయితే ఆ కాలమ్ పేరు నిజంగా మార్చాలా అని ఒకసారి ఆలోచించండి. మీకు చిరాకు పుట్టించింది పైథాన్ కోడులో ‘ఫోన్’ అన్న మాట, డేటాబేస్‌లో ఉన్న మాట కాదు. మోడల్లో ఫీల్డుకి కొత్త పేరు పెట్టుకుని, డీబీ_కాలమ్‌లో పాత పేరు రాస్తే కోడంతా కొత్త పేరుతో నడుస్తుంది, టేబుల్లో కాలమ్ పేరు అలాగే ఉంటుంది. పేరు మార్పు మైగ్రేషన్‌ని జాంగో అప్పుడూ పుట్టిస్తుంది. ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్‌లో కాలమ్‌ని కదిలించే లైను ఏదీ లేదని చూసుకుని పంపండి. నేనైతే అదే చేస్తాను.